గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు: అమెరికాలో మూతపడ్డ కబేళాలు, ఆగని లారీలు

1956 చలికాలం. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, న్యూ హాలండ్ అనే ఊరు. గుర్రాల సంత అయిపోయింది. హాలండ్ దేశం నుంచి వలస వచ్చి, ఒక బడిలో పిల్లలకు స్వారీ నేర్పుతున్న హ్యారీ డి లేయర్ ఆ రోజు సంతకు ఆలస్యంగా చేరాడు. మంచి గుర్రాలన్నీ అప్పటికే అమ్ముడుపోయాయి. మిగిలినవాటిని కబేళా లారీలోకి ఎక్కిస్తున్నారు. వాటిలో నాగలి లాగి ఒళ్ళంతా మచ్చలు పడ్డ ఒక తెల్ల గుర్రం మీద అతని కన్ను పడింది. 80 డాలర్లకు బేరం కుదుర్చుకుని లారీలోంచి దింపించాడు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ గుర్రం న్యూయార్క్‌లోని మేడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కంచెలు దూకే పోటీల్లో ఛాంపియన్ అయింది. దాని పేరు స్నోమేన్.

ఫెర్డినాండ్ అనే గుర్రం కథ దీనికి తలకిందులు. అది 1986లో కెంటకీ డర్బీ అనే పేరుమోసిన గుర్రప్పందెం గెలిచింది, 1987లో అమెరికాలో ఆ ఏటి మేటి గుర్రమని బిరుదు పొందింది. పందేల్లో 37 లక్షల డాలర్లకు పైగా సంపాదించి పెట్టింది. తరవాత దాన్ని పిల్లల్ని పుట్టించడం కోసం జపాన్‌కు అమ్మారు. అక్కడ దానికి గిరాకీ తగ్గింది. 2002లో దాన్ని కోసేశారని అమెరికాలో అభిమానులకు మరుసటి ఏడాది గానీ తెలియలేదు.

ఒకటి కబేళా లారీ దిగి కప్పు గెలిచింది, ఇంకొకటి కప్పు గెలిచి కబేళాకు చేరింది. రెండింటి తలరాతా మారింది గుర్రం చేతులు మారే చోటే. గుర్రాల వధ గురించి రాసేవాళ్ళు సాధారణంగా కబేళా లోపల జరిగేదాని గురించి రాస్తారు. అది ఘోరమే, కాదనను. కానీ అమెరికా తన గుర్రపు కబేళాలను 2007లోనే మూసేసింది. ఈ రోజుకీ ఆ దేశంలో అలాంటిది ఒక్కటి కూడా లేదు. అయినా ఏటా వేల అమెరికా గుర్రాలు మాంసంగా మారుతున్నాయి. ఇదెలా సాధ్యమో అర్థం కావాలంటే కత్తిని కాసేపు పక్కన పెట్టి సంతను, లారీని, సరిహద్దు గేటును చూడాలి.

మొదటే ఒక మాట చెప్పుకోవాలి. నేను శాకాహారిని కాను. మేకను తినేవాడికి గుర్రం మీద ఈ ప్రేమేమిటని అడిగితే సమాధానం ఉంది. మేకను పెంచేదే మాంసానికని మొదటి రోజు నుంచీ అందరికీ తెలుసు, దానికి వేసే మందు మీద కూడా ఆ లెక్కతోనే ఆంక్షలు ఉంటాయి. గుర్రానికి పేరు పెట్టి, జీను కట్టి, పిల్లల్ని ఎక్కించి, పందెం కాసి, చివరికి ఎటు పోయిందో తెలియనంత దూరం పంపించేస్తారు. నాకున్న పేచీ ఆ చివరి మెట్టుతో.

అమ్మేవాడి లెక్క

"గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అని మన సామెత. అమెరికా గుర్రాల వ్యాపారం మొత్తం ఈ ఒక్క ముక్కలో ఉంది. గుర్రం పాతికేళ్ళు, ముప్ఫై ఏళ్ళు బతుకుతుంది. పందెపు గుర్రం నాలుగైదేళ్ళకే పరుగు మానేస్తుంది. మిగతా ఇరవై ఏళ్ళూ దానికి గడ్డి కావాలి, ఆరేడు వారాలకోసారి గిట్టలు చెక్కాలి, పళ్ళు అరగదీయించాలి, డాక్టరును పిలవాలి. కుంటిదైనా ఖర్చు తగ్గదు.

పోనీ బాధ లేకుండా చనిపోనిద్దామన్నా డాక్టరుకు డబ్బు ఇవ్వాలి. ఆ తరవాత అయిదు వందల కిలోల కళేబరం ఉంటుంది. దాన్ని ఎత్తాలంటే యంత్రం కావాలి, పూడ్చాలంటే సొంత నేల కావాలి, చాలాచోట్ల అనుమతి కూడా కావాలి. అంతా కలిపి కొన్ని వందల డాలర్లు అవుతుంది. అదే గుర్రాన్ని సంతకు తోలితే ఎదురు డబ్బు వస్తుంది. సంతలో కొనే వాళ్ళలో కబేళాల తరఫున వచ్చే దళారులు ఉంటారు, వాళ్ళను అక్కడ కిల్ బయ్యర్లు అంటారు. బరువు చూసి పాట పాడతారు. గౌరవంగా సాగనంపితే చేతి డబ్బు పోతుంది, కసాయికి అమ్మితే జేబులోకి వస్తుంది. ఈ లెక్క తిరగబడనంత కాలం ఎన్ని కన్నీటి వ్యాసాలు రాసినా లాభం లేదు.

అమ్మేవాళ్ళంతా దుర్మార్గులేం కాదు. చాలామందికి ఎవరు కొంటున్నారో తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు. పందెపు గుర్రాలు, రైతుల గుర్రాలు, కార్లు వాడని ఆమిష్ అనే క్రైస్తవ శాఖ జనం బగ్గీలకు కట్టి వాడి వదిలేసినవి, పిల్లలు కాలేజీకి వెళ్ళాక ఇంట్లో మిగిలిపోయిన పోనీ అనే పొట్టి గుర్రాలు, అన్నీ ఒకే దొడ్డిలో కలుస్తాయి. ముసలివీ రోగిష్టివీ మాత్రమే కబేళాకు పోతాయనుకుంటే పొరపాటు. మాంసం కొనేవాడికి బక్కచిక్కిన గుర్రం దేనికి?

ఇక్కడ రెండు పక్షాల వాళ్ళకూ రుచించని విషయం ఒకటి ఉంది. పశువుల ప్రవర్తన మీద పేరున్న శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ బృందం టెక్సస్‌లోని రెండు కబేళాలకు వచ్చిన 1,008 గుర్రాలను పరిశీలించి 1999లో ఫలితాలు ప్రచురించింది. నూటికి దాదాపు ఎనిమిదింటికి తీవ్రమైన గాయాలో జబ్బులో ఉన్నాయి. ఆ బాధల్లో మూడొంతులకు పైగా లారీలోనో కబేళాలోనో మొదలైనవి కావు. యజమాని దొడ్లో ఉన్నప్పుడే పట్టించుకోక, హింసించి తెచ్చిపెట్టినవి. కాళ్ళు విరిగి, డొక్కలు ఎండి, గిట్టలు పెరిగిపోయి అక్కడికి చేరినవి. అంటే క్రూరత్వం కబేళా గుమ్మం దగ్గర మొదలవదు.

దారి

గుర్రం భయపడితే పరుగెత్తే జంతువు. ఎదురు తిరిగి కుమ్మడం దాని మొదటి ఆలోచన కాదు. అలాంటిదాన్ని తెలియని గుర్రాలతో కలిపి లారీలో కుక్కితే ఏమవుతుంది? పారిపోయే దారి లేక తన్నుకుంటాయి, కరుచుకుంటాయి. కింద పడ్డది మళ్ళీ లేవలేదు. ఒకప్పుడు పశువుల కోసం చేసిన రెండంతస్తుల లారీల్లోనే వీటినీ తోలేవారు. అందులో గుర్రం తల పూర్తిగా ఎత్తి నిలబడలేదు. ఆ లారీలను కబేళా రవాణాకు వాడకూడదని వ్యవసాయ శాఖ నిబంధన తెచ్చింది కానీ, అది పూర్తిగా అమలుకు రావడానికే ఏళ్ళు పట్టింది.

ఇప్పుడున్న అమెరికా నిబంధన ప్రకారం గుర్రాన్ని గడ్డి, నీళ్ళు, విశ్రాంతి లేకుండా 28 గంటల దాకా తోలవచ్చు. ఎక్కించే ముందు ఆరు గంటలు తిండి, నీళ్ళు అందుబాటులో ఉంచాలి. మగ గుర్రాలను విడిగా ఉంచాలి. ప్రయాణం తట్టుకోగలదని కాగితం రాసివ్వాలి. ఆ కాగితం రాసేది గుర్రాన్ని తోలుకెళ్ళేవాడే. సరిహద్దు దాటాక ఈ మాత్రం నిబంధన కూడా వర్తించదు. మెక్సికోలో గుర్రాలు చేరే కబేళాలు కొన్ని జకాటెకాస్ రాష్ట్రంలో ఉన్నాయి, సరిహద్దు నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరం.

కబేళాలో చంపడానికి కేప్టివ్ బోల్ట్ అనే పరికరం వాడతారు. చూడడానికి పిస్టల్ లాంటిదే, కానీ గుండు బయటికి పోదు. లోపలి ఇనుప కడ్డీ నుదుటిలోకి దూసుకుపోయి వెనక్కి వస్తుంది. సరైన చోట తగిలితే జంతువు ఆ క్షణంలోనే స్పృహ కోల్పోతుంది. కానీ బెదిరిన గుర్రం తన పొడవాటి మెడను అటూ ఇటూ ఆడిస్తుంది, తల ఎత్తేస్తుంది. గురి తప్పితే మళ్ళీ కొట్టాలి. పశువుల కోసం కట్టిన ఇరుకు గదిలో, గంటకు ఇన్ని అని లెక్క పెట్టుకుని పని చేసే మనిషికి ఓపిక ఎంత ఉంటుంది? మెక్సికోలోని హువారెజ్ నగరం కబేళాలో 2007లో విలేకరులు చూసింది ఇంకా ఘోరం. పుంటిల్లా అనే చిన్న బాకుతో వెన్నుపాము మీద పొడిచారు. దాంతో గుర్రం కూలబడుతుంది, కదలలేదు, కానీ స్పృహ పోదు. మెక్సికో కబేళాలన్నీ ఇలాగే చేస్తాయని కాదు. యూరప్‌కు మాంసం పంపిన కబేళాలు కేప్టివ్ బోల్టే వాడాల్సి ఉండేది. కానీ అమెరికా గుర్రం ఏ గుమ్మం తొక్కుతుందో అమెరికాలో ఎవరి చేతిలోనూ లేదు.

జీతం ఆపితే కబేళా ఆగింది

అమెరికాలో గుర్రపు మాంసం తినేవాళ్ళు దాదాపు లేరు. 2007 నాటికి మిగిలిన మూడు కబేళాలూ విదేశీ సంస్థలవే, మాంసమంతా యూరప్, జపాన్ వంటి చోట్లకు పోయేది. వాటిలో రెండు టెక్సస్‌లో ఉండేవి. డాలస్ క్రౌన్ కబేళా ఉన్న కాఫ్‌మన్ పట్టణం డాలస్ నుంచి యాభై, అరవై కిలోమీటర్లే. బెల్టెక్స్ ఫోర్ట్‌వర్త్‌లో ఉండేది. డాలస్ పక్కనే ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళలో ఎందరికి ఈ సంగతి తెలుసో! మూడోది ఇల్లినాయ్‌లోని డికాల్బ్‌లో ఉండేది, పేరు కావెల్. కాఫ్‌మన్ మేయరు పౌలా బేకన్ ఈ కబేళా మీద ఏళ్ళ తరబడి పోరాడారు. మురుగుకాలవల్లో రక్తం, ఊరంతా కంపు, ఊరికొచ్చే లాభం మాత్రం నామమాత్రం అన్నది ఆవిడ వాదన.

టెక్సస్‌లో గుర్రపు మాంసం అమ్మకాన్ని నిషేధించే చట్టం 1949 నుంచే ఉంది. అందరూ మరిచిపోయారంతే. 2002లో రాష్ట్ర అటార్నీ జనరల్ అది ఇంకా చెల్లుతుందని చెప్పడంతో దుమ్ము దులిపారు. కబేళాలు కోర్టుకెళ్ళాయి, 2007 జనవరిలో ఓడిపోయాయి. అదే ఏడాది ఇల్లినాయ్ కొత్త చట్టం చేసింది, కావెల్ కూడా మూతపడింది. కాలిఫోర్నియా ఓటర్లయితే 1998లోనే ప్రత్యేకంగా ఓటు వేసి మాంసం కోసం గుర్రాన్ని చంపడాన్ని నేరం చేశారు.

దేశమంతటికీ వర్తించే నిషేధం మాత్రం ఎన్నడూ రాలేదు. 2006 సెప్టెంబర్‌లో ప్రతినిధుల సభ 263-146 ఓట్లతో నిషేధ బిల్లు ఆమోదించింది. సెనేట్‌లో అది కదలలేదు. బిల్లు గెలవనప్పుడు బడ్జెట్‌లో ఒక కిటుకు పనికొచ్చింది. ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు తనిఖీ చేయని మాంసాన్ని అమెరికాలో అమ్మకూడదు. కాబట్టి గుర్రాలను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ల జీతాలకు పైసా కేటాయించకూడదని బడ్జెట్‌లో ఒక వాక్యం చేర్చారు. 2005లో మొదటిసారి ఇలా చేసినప్పుడు వ్యవసాయ శాఖ కబేళాల దగ్గరే ఫీజు తీసుకుని తనిఖీ చేస్తానంది. అదీ 2007లో కోర్టులో నిలవలేదు. 2011 చివర్లో ఆ వాక్యం బడ్జెట్‌లోంచి తప్పుకుంది. వెంటనే న్యూ మెక్సికోలోని రాస్‌వెల్‌లో ఒక పశువుల కబేళా గుర్రాలకు అనుమతి అడిగింది, అయోవాలో, మిసోరిలో కూడా అర్జీలు పడ్డాయి. కేసులు తేలేలోపు 2014 జనవరిలో వాక్యం తిరిగొచ్చింది. అప్పటి నుంచీ బడ్జెట్ మారినప్పుడల్లా దాన్ని మళ్ళీ చేరుస్తూ వస్తున్నారు. ఏ ఏడాది మరిచినా కబేళా గేటు మళ్ళీ తెరుచుకోవచ్చు.

ఈ చట్టాలేవీ అసలు ముట్టుకోనిది ఎగుమతి. బతికున్న గుర్రాన్ని లారీ ఎక్కించి సరిహద్దు దాటించడం నేరం కాదు. 2011లో అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం లెక్క తీసింది. 2006 నుంచి 2010 మధ్య వధ కోసం కెనడాకు వెళ్ళే గుర్రాలు 148 శాతం, మెక్సికోకు వెళ్ళేవి 660 శాతం పెరిగాయి. 2010లో సరిహద్దు దాటినవి దాదాపు 1,38,000. కబేళాలు మూయక ముందు ఎన్ని చచ్చేవో ఇంచుమించు అన్నే! ప్రయాణం మాత్రం పెరిగింది. చవక రకం గుర్రాల ధరలు 8 నుంచి 21 శాతం పడిపోయాయి, వదిలేసినవీ తిండి లేక మాడినవీ ఎక్కువయ్యాయని రాష్ట్రాలు చెప్పాయి. గుర్రాల డాక్టర్లు, పెంపకందారుల సంఘాలు కొన్ని "మేం ముందే చెప్పాం" అన్నాయి. కబేళాలు మళ్ళీ తెరవండి, ఇక్కడైతే మన తనిఖీ ఉంటుంది అన్నాయి. ఆ వాదనలో పస లేకపోలేదు. కానీ ఆ ఏళ్ళలోనే అమెరికాలో ఆర్థిక మాంద్యం వచ్చింది, గడ్డి రేట్లు పెరిగాయి. అందులో కబేళాల మూత వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

అడవి గుర్రాల కథలోనూ ఇదే కన్నం. 1950లో నెవాడా రాష్ట్రంలో వెల్మా జాన్‌స్టన్ అనే ఆఫీసు ఉద్యోగిని, ముందు పోతున్న లారీలోంచి రక్తం కారడం చూసి వెంబడించింది. అందులో విమానాలతో తరిమి పట్టిన అడవి గుర్రాలున్నాయి. ఆవిడ పోరాటం వల్ల 1959లో ఒక చట్టం, 1971లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. 2019లో ప్రభుత్వం ఈ గుర్రాలను దత్తత తీసుకునేవారికి 1,000 డాలర్లు ఇస్తామంది. కొందరు డబ్బు చేతికి అందగానే గుర్రాన్ని వేలానికి తోలారని 2021లో పత్రికలు బయటపెట్టాయి.

గుర్రాల ప్రాణం కాపాడిన నొప్పిమందు

1,38,000 దగ్గరున్న ఎగుమతి లెక్క ఇటీవల ఏడాదికి 20,000 ప్రాంతానికి దిగింది. అమెరికా చట్టసభ కాంగ్రెస్ చేయలేని పనిని చాలావరకు బ్రస్సెల్స్, అంటే యూరోపియన్ యూనియన్, చేసింది, అదీ జాలితో కాదు.

అమెరికాలో గుర్రానికి కీళ్ళనొప్పి వచ్చినా, కాలు బెణికినా మొదట ఇచ్చేది ఫినైల్‌బ్యూటజోన్. లాయంలో అందరూ బ్యూట్ అంటారు, మనింట్లో జ్వరానికి పారాసిటమాల్ వేసినంత మామూలుగా వేస్తారు. మనిషి శరీరంలోకి చేరితే కొందరిలో రక్తకణాలు తయారయ్యే వ్యవస్థనే దెబ్బతీయగలదు. అందుకే తినే జంతువుకు ఈ మందు వేయకూడదు. అమెరికా గుర్రాన్ని తినే జంతువుగా ఎవరూ పెంచలేదు కదా, ఏ మందు ఎప్పుడు వేశారో రాసిపెట్టేదెవరు? కెనడా 2010 నుంచి ప్రతి గుర్రానికీ ఒక కాగితం అడిగింది. చేతులు నాలుగు మారిన గుర్రానికి ఆర్నెల్ల మందుల చరిత్ర రాసి సంతకం పెట్టేవాడు దళారీ. ఆ సంతకం విలువెంతో వేరే చెప్పక్కర్లేదు.

2013 మొదట్లో యూరప్‌లో గొడ్డుమాంసం పేరుతో గుర్రపు మాంసం అమ్ముతున్నారని బయటపడింది. ఫైండస్ కంపెనీ అమ్మే లజానియా అనే ఇటలీ వంటకం పొట్లాలు కొన్నిటిలో ఉన్న మాంసమంతా గుర్రానిదే. ఆ గొడవతో గుర్రపు మాంసం ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్న పెద్దదయింది. 2014 డిసెంబర్‌లో యూరోపియన్ యూనియన్ మెక్సికో గుర్రపు మాంసాన్ని నిలిపేసింది. 2017లో ఆ యూనియనే, కెనడా కబేళాకు పోయే గుర్రం అంతకుముందు ఆరు నెలలు కెనడాలోనే ఉండాలంది. ఆరు నెలలు దాణా పెట్టాలంటే దళారీకి గిట్టుబాటు కాదు. సామెత ఇప్పుడు అతని మెడకు చుట్టుకుంది. దానికి తోడు అమెరికాలో పందెపు గుర్రాల పుట్టుకలు కూడా ఒకప్పటిలో సగానికంటే తక్కువకు తగ్గాయి. మిగులు గుర్రమే లేకపోతే సంతకు వచ్చేదేముంది?

కెనడాది ఇంకో చిక్కు. అక్కడి నుంచి బతికున్న, బరువులు లాగే భారీ జాతి గుర్రాలను చెక్కపెట్టెల్లో నిలబెట్టి విమానాల్లో జపాన్‌కు పంపుతారు. అక్కడ పచ్చి గుర్రపు మాంసానికి గిరాకీ ఉంది. దీన్ని ఆపుతామని 2021 ఎన్నికల్లో లిబరల్ పార్టీ మాట ఇచ్చింది. సీ-355 అనే బిల్లు 2024లో దిగువసభ దాటింది. 2025 జనవరిలో పార్లమెంటు సమావేశాలు ముగించేయడంతో సెనేట్‌లోనే పోయింది.

గాడిద సంగతి

మన దేశంలో ఆహార భద్రత నిబంధనల ప్రకారం మాంసానికి కోయదగ్గవి గొర్రె, మేక, పంది, ఆవు-గేదె జాతులు, కోళ్ళు, చేపలు. గుర్రం, గాడిద ఆ జాబితాలో లేవు. కాగితం మీద అమెరికా కంటే మన నిబంధనే గట్టిది! అయినా గుంటూరు, ప్రకాశం, కృష్ణా, పశ్చిమ గోదావరి వైపు గాడిద మాంసం బహిరంగంగానే అమ్ముడైంది. నడుంనొప్పి పోతుందని, ఉబ్బసం తగ్గుతుందని, మగతనం పెరుగుతుందని నమ్మకం. రక్తం తాగి పరుగెత్తితే బలమనే మాట కూడా ఉంది. వీటికి వైద్యపరంగా ఆధారం లేదు. 2022 అక్టోబర్‌లో బాపట్లలో పోలీసులు దాడి చేసి వందల కిలోల మాంసం పట్టుకున్నారు. ఇక్కడ గాడిదలు తరిగిపోయాక రాజస్థాన్ దాకా వెళ్ళి లారీల్లో తెచ్చారు. 2012లో దేశంలో 3.2 లక్షలున్న గాడిదలు 2019 పశుగణనకు 1.2 లక్షలయ్యాయి. అంతా కోతవల్లే కాదు, బట్టల మూటలూ ఇటుకలూ మోయించే పని కూడా పోయింది. పని పోయిన జంతువుకు దాణా పెట్టేవాడు దొరకడు. లెక్క అక్కడా ఇక్కడా ఒకటే.

ఆఫ్రికా ఈ విషయంలో అమెరికా కంటే ముందుచూపు చూపించిందని నాకనిపిస్తుంది. చైనాలో ఎజియావో అనే మందు కోసం గాడిద తోళ్ళకు విపరీతమైన గిరాకీ. బుర్కినా ఫాసో, నైజర్ 2016లో ఎగుమతి ఆపితే వ్యాపారం పక్క దేశాలకు జరిగింది. ఒక్కో గేటు మూస్తే లాభం లేదని తెలిసి, 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికన్ యూనియన్ ఖండమంతటా తోలు కోసం గాడిదలను చంపడాన్ని పదిహేనేళ్ళు నిషేధించాలని తీర్మానించింది.

అమెరికాలో ఈలోగా జాలి మీద కూడా వ్యాపారం మొదలైంది. దళారులు దొడ్లో గుర్రాల ఫొటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెడతారు. శుక్రవారం సాయంత్రంలోగా ఇంత కట్టకపోతే లారీ ఎక్కుతుందని రాస్తారు. దీన్ని బెయిల్ అంటారు. అడిగేది మాంసం ధర కంటే ఎక్కువే. జనం చందాలు వేసి విడిపిస్తారు, ఆ డబ్బుతో దళారీ వచ్చే సంతలో ఇంకో గుర్రాన్ని కొంటాడు. విడిపించినవాళ్ళను తప్పుపట్టలేను, ఆ ఒక్క గుర్రానికి అది ప్రాణం. కానీ డబ్బు పెట్టదలుచుకున్నవాళ్ళకు ఇంకా మంచి దారులున్నాయి. ఫెర్డినాండ్ వార్త బయటపడ్డ 2003లోనే కెంటకీలో ఓల్డ్ ఫ్రెండ్స్ అనే ఆశ్రమం మొదలైంది. 2012లో పందేల రంగమే సొంత డబ్బుతో, విశ్రాంత గుర్రాల కేంద్రాలకు గుర్తింపునిచ్చి సాయం చేసే ఒక కూటమి పెట్టుకుంది. గుర్రం సంతకు చేరకముందే దాణా ఖర్చు ఎవరిదో తేల్చే ప్రయత్నాలివి.

ఇక చట్టం. 2018లో అమెరికా కుక్కను, పిల్లిని తిండికోసం చంపడాన్ని, అందుకోసం కొనడం, అమ్మడం, తరలించడాన్ని దేశమంతటా నిషేధించింది. సేఫ్ యాక్ట్ అనే బిల్లు అడిగేది ఆ నిషేధంలోకి గుర్రాన్ని, దాని జాతి జంతువులను కూడా చేర్చమని. ఎగుమతి కూడా దాంతోనే ఆగుతుంది. కాంగ్రెస్ మారినప్పుడల్లా రెండు పార్టీల వాళ్ళూ కలిసి దాన్ని ప్రవేశపెడుతూనే ఉన్నారు. న్యూ హాలండ్‌లో సోమవారం సోమవారం గుర్రాల వేలం నడుస్తూనే ఉంది.